ఎస్తేరు అడిగిన మాట

నల్గొండ. బుధవారం, రాత్రి ఎనిమిది.

పాతదాన్ని వదలని వాళ్లను ఆదివారం ప్రసంగంలో అంత గట్టిగా గద్దించావే, మరి పాస్టరయ్యా, నీ చేతిలో బైబిలు ఎన్నేళ్లనాటిది?

మందిరం పాటల పుస్తకం అందంగా రావాలని టైపు షాపు శంకర్‌తో పట్టుబట్టి కంప్యూటర్లో కొత్త విండోస్ వేయించింది నేనే. శంకర్ మురిసిపోతున్నాడు. "బొమ్మ మీద నొక్కితే చాలు అయ్యగారు, పని అదే అయితాంది!" ఆరేళ్లుగా అతని దగ్గర పాత పద్ధతిలో నల్లటి తెర మీద చకచకా టైపు చేసిన ఎస్తేరు మాత్రం మౌసు పట్టుకొని పొద్దంతా ఒక్క పేజీ దాటలేదు. రేపటి నుంచి వేరే మనిషిని పెడతానన్నాడు శంకర్.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, కొత్తది నేర్చుకోవాలె" అన్నాను.

"మందిరంల అందరు కొత్త అనువాదం బైబిలు కొన్నరు గదా అయ్యగారు. మీరెందుకు కొనలే?" అంది, తల ఎత్తకుండానే.

పాతదాంట్లో ఏ వచనం ఏ పేజీలో ఏ మూలన ఉందో నా వేళ్లకు తెలుసు. ఆమె వేళ్లకూ అంతే కదా. శంకర్‌తో ఒక్క మాటైనా అనకుండా వచ్చేశాను. ప్రభువా, నా పాటల పుస్తకం కోసం ఆమె కూడు పోతే...

తొమ్మిదింటికి శంకర్ షట్టర్ దించుతాడు. రాసింది చాలు. లే, చెప్పులు తొడుక్కో, ఇప్పుడే పోయి ఆమె నేర్చుకునేందుకు నెల రోజుల గడువు అడుగు.