జాకీ కింద పొగాకు

2003 జూన్ 22, ఆదివారం

ఈరోజుతో సిగరెట్లు బంద్! ఇక పైపే. అందులోనూ కొన్న పొగాకు కాదు. నా చేత్తో కలిపి, నొక్కి, కోసుకున్నదే!

రిటైరైన మా మేనేజరుగారు ఇచ్చిన పైపు ఏళ్ల తరబడి షోకేసులో పడి ఉంది. మా బావమరిది హేమచంద్ జంగారెడ్డిగూడెం నుంచి పంపిన పొగాకు మూట నిన్న తూంకుంట చేరింది. పసుపుపచ్చని వర్జీనియా ఆకు, గోదావరి లంకల్లో పండే కాస్త నల్లటి లంకాకు. దిమ్మగా నొక్కి ఉంచితే తొలి ఏకాదశికి తయారు. ఆ రోజే మొదటి పైపు. అందాకా పొగ మాటే లేదు.

మా ఆవిడ బాలాత్రిపురసుందరి నమ్మలేదు. నా దగ్గు వినీ వినీ విసిగిపోయి ఉంది. సాయంత్రం నన్ను దేవరయాంజాల్ గుడికి లాక్కెళ్లి, సీతారామస్వామి ముందు చేతులు జోడించింది.

"ఏకాదశి దాకా ఈయన్ని సిగరెట్టు ముట్టనివ్వకు స్వామీ! అందాకా నేను కాఫీ ముట్టను."

పెళ్లయ్యాక కాఫీ లేని త్రిపురను నేను ఒక్క పూటైనా చూడలేదు. ఇప్పుడు ఆవిడ త్యాగమంతా నా చేతిలో ఉంది. తప్పితే నేను మనిషినే కాను!

జూన్ 23, సోమవారం

ఈనెలు తీశాను. రెండు పాళ్లు వర్జీనియా, ఒక పాలు లంకాకు. బెల్లం పాకం, యాలకులు, కిస్‌మిస్ నానిన నీళ్లు. అన్నీ పట్టించి ఇడ్లీపాత్రలో ఆవిరి పెట్టాను. ఆహా, ఏం వాసన!

త్రిపుర మూత తీసింది. చూసింది. మళ్లీ పెట్టేసింది.

"ఇక ఈ పాత్ర మీరే ఉంచుకోండి."

తలనొప్పని పడుకుంది. పాపం, కాఫీ లేక.

జూన్ 25, బుధవారం

నొక్కుడు కార్యక్రమం! ముందు ఆవకాయ జాడీ పెట్టాను. ఆ బరువు చాల్లేదు. పక్కింటి గౌరయ్య తన ట్రాక్టర్ జాకీ ఇచ్చాడు.

"ఏంది సారూ, ఆకును గింత గట్టిగ ఒత్తుతున్నవ్? ఏడికన్న పారిపోతదా?"

అతనికేం తెలుసు! సామాన్ల గదిలో కింద దిమ్మ, దాని మీద చెక్క, చెక్క మీద జాకీ. జాకీ తలను పైన పప్పుల డబ్బాలున్న కడపబండ అర అడుగుకి ఆనించాను. తిప్పాను. బిగుస్తోంది. ఇంకొక్క తిప్పు...

టప్! బండ రెండు ముక్కలు. కందిపప్పు, మినప్పప్పు, శనగపప్పు ఏకమై నేల మీద!

త్రిపుర అరవలేదు. పప్పులు ఏరుతూ కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది.

జూన్ 28, శనివారం

జాకీని ఇనుప మంచం కిందికి మార్చాను. మా ఇద్దరి బరువూ పనికొస్తుంది. ఒకటే ఇబ్బంది. నా వైపు మంచం లేచి ఉండడంతో రాత్రి దొర్లి త్రిపుర మీద పడ్డాను. ఈసారీ అరవలేదు! ఈవిడ ఓర్పుకి దండం పెట్టాలి.

జూన్ 30, సోమవారం

మేడ్చల్‌లో ఆఫీసు బయట ఒక సిగరెట్టు. ఒక్కటే. నా పొగాకు ఎంత మేలో తేలాలంటే పోల్చి చూడొద్దూ? సగమే తాగుదామనుకున్నాను. మిగతాది పారేస్తే వృథా.

ఇంటికి రాగానే త్రిపుర అడిగింది. "ఈరోజు కూడా ముట్టలేదు కదండీ?"

"లేదు" అన్నాను.

నా మొహంలోకి చూడకుండానే తల ఊపింది. చాలా సిగ్గేసింది.

జూలై 2, బుధవారం

వాన. వానలో తాగినవి లెక్కలోకి రావు. సిగరెట్ల పెట్టె ఇంట్లో ఉంచలేక గౌరయ్య షెడ్డులో, ట్రాక్టర్ పానాల డబ్బాలో దాచాను.

"నాకెందుకు సారూ గీ పంచాయితి? మా ఇంటామె వజ్రమ్మకు తెలిస్తే నన్ను ఉతుకుతది."

అంటూనే ఒప్పుకున్నాడు. మంచివాడు.

జూలై 4, శుక్రవారం

ఘోరం! దిమ్మ విప్పితే చీమల బారు. పాకం ఎక్కువైంది. ఒక పక్క తెల్లగా బూజు. బాగున్న మూల కోసి, రుచి చూడటానికని పైపులో కూరాను. అంటుకోదు. అగ్గిపెట్టె సగం అయింది. అంటుకున్నాక, అంటుకోకపోతేనే నయమనిపించింది. మాడిన బూరెల మూకుడు పొగ పీల్చినట్టుంది. నాలుక బొబ్బలెక్కింది.

"ఎలా ఉందండీ?" అంది త్రిపుర ఆశగా.

"బ్రహ్మాండం" అన్నాను. నేరుగా గౌరయ్య షెడ్డుకి నడిచాను.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం షెడ్డులో సిగరెట్టు వెలిగించానో లేదో, కాఫీ వాసన! గౌరయ్య ఇంట్లో అందరూ చాయ్ మనుషులే. వెనక వసారాలోకి తొంగిచూశాను.

పీట మీద త్రిపుర. చేతిలో గ్లాసు. పై పెదవి మీద నురగ. పక్కన మా ఇంటి ఫిల్టరు!

నా చేతిలో సిగరెట్టు కాలుతూనే ఉంది.

వజ్రమ్మే నోరు విప్పింది. "ఇగ సాలు! నువ్వు గా షెడ్డుల, ఆమె గీ వసారల. ఇద్దర్ని దాయలేక మేం మస్తు పరేషానైతున్నం."

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"మొక్కిన మర్నాటి నుంచి" అంది త్రిపుర. కళ్లల్లో నీళ్లు. "మీరు నిలబడ్డారు, నేనే తప్పానని రోజూ కుమిలిపోయానండీ. బండ పగలగొట్టినా మిమ్మల్ని ఏమనడానికీ నోరు రాలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గ్లాసు ఇటు జరిపింది. సగం నేను తాగాను.

జూలై 10, గురువారం, తొలి ఏకాదశి

గుడికి వెళ్లి స్వామికి అంతా చెప్పుకున్నాం. వరలక్ష్మీ వ్రతం దాకా గడువు అడిగాం. మళ్లీ సిగరెట్టు బంద్, కాఫీ బంద్! హేమచంద్‌కి ఇంకో మూట పంపమని ఫోన్ చేశాను. ఈసారి బెల్లం లేదు. ఈనెలు తను తీస్తానంది త్రిపుర. ఒకటే కొత్త షరతు: ఎవరు తప్పినా రెండోవాళ్లకి ముందే చెప్పాలి.

తూంకుంటలో బస్సు దిగాం. త్రిపుర హోటల్ ముందు ఆగిపోయింది.

"ముందే చెప్పేస్తున్నానండీ."

నేను పక్కనున్న పాన్‌డబ్బా వైపు చూశాను.

"నేనూ చెప్పేస్తున్నాను."

రేపటి నుంచి గట్టిగా!