చోక్ తీగ కాలింది

27-10-2001
మళ్లీ టక్. బటన్ నొక్కితే ఒక్క చప్పుడు, అంతే. ఇంజన్ కదలదు. నాన్నగారు కొన్న యాభై నాలుగు మోడల్ కారు. మూడు నెలలు తంటాలుపడి పెయింటింగ్ మొత్తం నేనే చేశాను. అద్దంలా ఉంది. ఏం లాభం? శుక్రవారం మా పెళ్లిరోజు, ఇరవై ఐదేళ్లు. ఇందులోనే ఐనవిల్లి వినాయకుడి గుడికి తీసుకెళ్తానని లక్ష్మీతులసికి మాటిచ్చాను.

28-10-2001
అమలాపురం నుంచి ఇస్సాకు వచ్చాడు. ఇరవయ్యేళ్లుగా ఈ కారు వైరింగు అతనిదే. లైట్లు బాగున్నాయి, హారన్ బాగుంది, బ్యాటరీ కొత్తది. స్టార్టర్ మోటారు విప్పి షాపుకి పట్టుకెళ్లాడు. "రేపు తెచ్చేత్తానండి రాజుగారూ" అన్నాడు.

29-10-2001
బల్ల మీద మోటారు గిర్రున తిరిగిందట. కారుకి బిగిస్తే టక్.

30-10-2001
మోటారుకి కరెంటు కలిపే సొలినాయిడ్ కొత్తది వేశాడు. కొత్త కేబుల్. టక్.
తులసి బస్సులో వెళ్దామంది. ఆ మాటకే ఒళ్లు మండింది.

31-10-2001, సాయంత్రం
పాత మోటార్లలో రాగి మేలైనదనీ, షాపుల్లో మార్చేస్తారనీ నా బావమరిది వీరబాబు అన్నాడు. అది తలకెక్కింది. తిన్నగా ఇస్సాకు షాపుకి వెళ్లి, నలుగురు ఖాతాదారుల ముందు అడిగేశాను, నా మోటారులో రాగి ఏం చేశావని. ఇస్సాకు చేతిలో టెస్టర్ కింద పెట్టాడు. "నేనాండీ?" అన్నాడు. ఆ తర్వాత అరిచిందంతా నేనే.

1-11-2001, ఉదయం పదిన్నర
తులసిని సీట్లో కూర్చోబెట్టి, చోక్ లాగి బటన్ నొక్కమన్నాను. నేను బానెట్ దగ్గర నిలబడ్డాను. నాలుగోసారికి కెవ్వుమంది. చోక్ తీగ వేళ్లు కాల్చింది.
చోక్ అంటే డాష్‌బోర్డు నుంచి ఇంజన్‌కి వెళ్లే ఉత్త ఇనప తీగ. దానికి కరెంటుతో పనేంటి?
బ్యాటరీకి తిరిగొచ్చే అసలు దారి మూసుకుపోయి కరెంటు ఆ తీగలోంచి పోతోంది. అంటే ఎర్త్ లేదు. కారు కిందికి దూరాను. ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింద నల్ల పెయింటు, రెండు కోటింగులు, దళసరిగా. నేను వేసిందే. పెయింటు దాటి కరెంటు పోదు.
ఉప్పుకాగితంతో గీకి బిగించాను. ఒక్క నొక్కుకే స్టార్టయింది. తులసి వేళ్లు ఊదుకుని చప్పట్లు కొట్టింది.

అదే రోజు, సాయంత్రం
షాపులో నిన్నటి నలుగురూ లేరు. ఉన్నవాళ్ల ముందే చెప్పాను. తప్పు నాది, పెయింటు నాది, రాగి మాట అబద్ధం అని. ఇస్సాకు అంతా విన్నాడు. "ఎర్తాండీ? ముందు నేను చూసుకోవాల్సిందండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఎప్పటిలాగే వస్తూండమన్నాను. "కోపమేం లేదండి. కారు మటుకు ఇంకెవరికైనా చూపించుకోండి" అని పనిలో పడ్డాడు.

2-11-2001
ఐనవిల్లి వెళ్లొచ్చాం. కారు ఎక్కడా ఆగలేదు. వచ్చేటప్పుడు ఇస్సాకు షాపున్న వీధి తప్పించి, కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చాను.