గీత మీద మంద

కొత్తకోట,
3 మార్చి 2023

తమ్ముడు రాజేశ్‌కు,

ఫోన్ చేస్తే తిట్టేలోపే ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను. నిన్న మన ఫంక్షన్ హాల్లో నువ్వు తీసిన సినిమా వేశారు. రోడ్డు వెడల్పు చేయాలని సర్వేవాళ్లు మన ఇంటి నడుమ నుంచి సున్నం గీత గీయడం, బాపు గొర్రెల మందను తెచ్చి సరిగ్గా ఆ గీత మీదే పడుకోబెట్టడం, అవి లేచేసరికి గీత పెంటికల కింద మాయమవడం చూసి ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో మంద పెట్టమని బతిమాలుతున్నా, బాపు పది రోజులు మన వాకిలి వదల్లేదు. అది నిజమే, అందులో తలవంపేమీ లేదు.

మరి ఆఫీసరు కాళ్ల మీద పడి, తలరుమాలు జారిపోయి, బూట్లు పట్టుకుని ఏడ్చే ఆ ముసలాయన ఎవరు? హాల్లో అందరికంటే ఎక్కువ నవ్వింది అక్కడే. మన బాపు ఎవరి కాళ్లూ మొక్కలేదు. నాలుగు నవ్వుల కోసం కన్నతండ్రిని బూట్ల దగ్గర పడేస్తావా? సోమవారం ఇంటి మీద విచారణ ఉంది. ఆఫీసర్లు కూడా ఆ సినిమా చూశారట. అక్కడ బాపు మాట్లాడితే ఎవరు వింటారు? ఆ సీను తీసేయ్. తీసేదాకా నన్ను అక్కా అనకు.

నాగరాణి

కొత్తకోట,
8 మార్చి 2023

తమ్ముడూ,

విచారణకు నేనూ వెళ్లాను. బాపును చూడగానే ఆఫీసరు నవ్వు ఆపుకోలేక, "సినిమాల గుర్వయ్య నువ్వేనా?" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. బాపు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేనే సారూ. గా కాళ్లు మొక్కింది సుత నిజమే. గప్పుడు నా బిడ్డ దవాఖానల కాన్పుకున్నది. బాలింత గీ ఇంటికే రావాలె, జర మూడు వారాలు ఆగుండ్రి అని మొక్కిన. ఇయ్యాల మొక్కనీకి రాలె, మాట్లాడనీకొచ్చిన."

ఆఫీసరు ముఖంలో నవ్వు పోయింది. అవతలి ఖాళీ జాగా వైపు రోడ్డు జరపవచ్చేమో మళ్లీ కొలుస్తామని, అప్పటిదాకా ఇంటి జోలికి రామని రాసిచ్చారు.

బయటికొచ్చాక, నాకెందుకు చెప్పలేదని బాపును నిలదీశాను. "పచ్చి బాలింతవు, ఎందుకు ఫికర్ పెట్టాలె బిడ్డా? సినిమాల నీ ముచ్చట రానియ్యొద్దని తమ్మునికి నేనే చెప్పిన," అన్నాడు. ఆ ఇరవై ఒక్క రోజులూ అమ్మ నాకు వేడినీళ్లు పోస్తుంటే, స్నానాల గది ఇరుకని నేను సణిగాను. ఆ గోడలు ఎలా నిలిచాయో మీ ముగ్గురికీ తెలుసు, నాకు తప్ప. తిట్లు పడ్డావు కానీ నువ్వూ నోరు విప్పలేదు. నీ మీద కోపం తగ్గలేదు, ఇప్పుడది నాకు చెప్పనందుకు.

ఆ సీను తీయకు. బాపు ఎందుకు మొక్కాడో కూడా అందులో చెప్పు. నా పేరు పెట్టే చెప్పు. అప్పుడు మళ్లీ మన ఫంక్షన్ హాల్లోనే వెయ్యి. ముందు వరుసలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. ఎవరు నవ్వుతారో చూస్తాను.

నీ అక్క,
నాగరాణి