ఇర్జిక్‌కు వచ్చేదెవరు

కర్ఖేలి, మంగళవారం రాత్రి

మనవరాలు వీణ ఇంకా రాదట. పోర్చుగల్‌లో పదిమంది కలిసి చేసుకునే పొలంలో ఇంకో నెల ఉంటుందట. కూలి ఇవ్వరు, తిండి పెట్టి పడుకునే చోటిస్తారు, అంతే. ఫోన్‌లో చేతులు చూపించింది. అన్నీ బొబ్బలే.

"కూటికి పనిచేసుడేందే? గంత సదివి జీతగాళ్ల లెక్క!" అని అరిచాను.

"జీతం గాదు నానమ్మా, ఇర్జిక్. ఊరంత ఒక్కల చేన్ల పడి పనిచేస్తుంటిమని నువ్వే చెప్పినవ్ గదా" అని నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. ఇర్జిక్‌లో మేమూ కూలి తీసుకోలేదు, శనగపప్పు, బెల్లం పెట్టిన పోలెలు తిని వచ్చాం. కానీ ఇవాళ నేను వాళ్ల చేనుకు పోతే, రేపు వాళ్లు నా చేనుకు రావాలి. ఇక్కడ మా సోయా ఎండి కాయలు పగులుతున్నాయి. కోయడానికి మనిషి దొరకడం లేదు. పైగా మబ్బు పట్టింది, వాన పడితే పంట పోయినట్టే.

"మరి గాళ్లు మన సోయా కోయనీకి ఎప్పుడస్తరో అడుగు" అన్నాను.

అది పక్కకు తిరిగి వాళ్ల భాషలో ఏదో అడిగింది. అటు నుంచి ఎవరో నవ్వుతూ కేకేశారు.

"నలుగురు అస్తమంటున్నరు. ఏం పెడ్తవ్?"

కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను. వేళాకోళమో, నిజమో. నిజంగా దిగితే ఎక్కడ పడుకోబెట్టాలి? కారం కూడా తినరట. పోలెలైతే తింటారేమో. ఇప్పుడే లేచి చూసొచ్చాను, డబ్బాలో శనగపప్పు గుప్పెడు కూడా లేదు.