నాన్న నడుముకి స్క్రూలు లేవు

ఆ తాపీ మేస్త్రీ, నీ తమ్ముడి మాట విని చెడ్డాను. "ఇప్పుడందరూ నడుముకి స్క్రూలే వేయించుకుంటున్నారు బావా, ఎముక చెక్కించుకోవడం పాతకాలం" అన్నాడు. వాడు చూపించిన ఆ స్క్రూల ఆసుపత్రికి పోవట్లేదని వాడికి చెప్పు.

పాత ఆసుపత్రికే వెళ్తున్నా. అక్కడి డాక్టరమ్మ స్కానింగు చూసి, నరానికి దారి ఇరుకైందంతే, ఎముక జారలేదు, చెక్కితే చాలంది. ఖర్చు మూడో వంతు. సాయంత్రం నా దుప్పటి, కళ్ళజోడు పట్టుకురా. వడ్రంగి కొట్టు తాళం గూట్లో ఉంది. బెంగపడకు.

నాన్నకీ ఇలాగే చెక్కారు. మూడు నెలలకి మళ్ళీ చిత్రిక పట్టాడు. "అతుకు కుదిరితే మేకెందుకురా" అనేవాడు. అది గుర్తుండీ స్క్రూలకి సంతకం పెట్టాను చూడు.

ఇంకో మాట. నాన్న రంపం మిషను అమ్మి ఆ స్క్రూల ఆసుపత్రిలో కట్టిన అడ్వాన్సు తిరిగివ్వరట. నలభై రెండు వేలు.