రేగిపండంత ప్రసాదం

నల్లగొండ,
18 ఆగస్టు 1968, ఆదివారం.

చిరంజీవి రఘుపతికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అవ్వ మోకాలు ఒక్కటి తప్ప మేమందరం కుశలం. ఆ మోకాలు కూడా వాన పడిన రోజే మూలుగుతుంది కనుక ఈ ఏడు దానికి పెద్దగా పని పడలేదు. నీవు అక్కడ వేళకు తిని వేళకు పడుకుంటున్నావని అనుకుంటున్నాను. ఇంత దూరం నుంచి అనుకోవడం కన్నా నేను చేయగలిగింది లేదు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. గొడుగు రైలులో పోగొట్టుకున్నానేమో అని బాధపడినావు. పోలేదు. బాపు దాన్ని కచ్చేరికి పట్టుకపోయి అక్కడ మరిచి వచ్చినారు, రెండు వానలకు తడిసి ఇంటికి వచ్చినాక జ్ఞాపకం చేసుకున్నారు. బర్రె ఈనింది. దుడ్డెకు నీ పేరు పెట్టాలని అవ్వ పట్టు. నేను ఒప్పుకోలేదు.

హాస్టలు మెస్సులో బుధవారం చపాతీలు, ఆదివారం పూరీలు అని రాసినావు. మూడు వారాలుగా నేనూ తింటున్నానని రాసినావు. "చిన్నప్పుడు అవ్వ నాకు ఆకెడు ప్రసాదం మింగబెట్టింది. అంత నెయ్యీ బెల్లం తింటే ఏ పిల్లవానికైనా కడుపు పోతుంది. దానికి గోధుమ మీద నేరం మోపి పదిహేనేండ్లు నన్ను చపాతీకి దూరం పెట్టినారు" అని నవ్వులాటగా వాదించినావు. ఆ కిందనే, ఒడలు నీరసంగా ఉంటున్నది, కడుపు ఉబ్బరిస్తున్నది, సముద్రపు గాలి పడలేదేమో అని ఒక మాట జారవిడిచినావు. ఆ మాట నాకు రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

దానికి జవాబు ఉన్నది. కానీ నీవు అడిగిన ఇంకొక ప్రశ్న మీదుగా పోతే తప్ప అక్కడికి చేరలేను. వాల్తేరులో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ కొండ ఎప్పుడో చూసినట్టున్నది అని రాసినావు గదా. చూసినావు. నీకు అప్పుడు రెండున్నరేండ్లు.

అంతకు ముందు ఏడాది నీవు ఎట్లున్నావో నీకు తెలియదు. కడుపు కుండలాగా, కాళ్లు జొన్న దంట్ల లాగా. నేను బి.ఏ. చదివినదాన్ని. పిల్లల పెంపకం మీద ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకొని చదివి నీకు గోధుమ జావ, డబల్ రొట్టె పాలలో నానబెట్టి పెట్టేదాన్ని. అవ్వ పెట్టబోయిన జొన్న గట్కను పక్కకు నెట్టి, "అది మోటు తిండి అత్తమ్మా, వానికి అరగదు" అన్నాను. నీవు చిక్కినకొద్దీ ఇంకొంచెం డబల్ రొట్టె పెట్టినాను. చివరికి హైద్రాబాదుకు తీసుకపోతే, లండనులో చదివి వచ్చిన ఒక డాక్టరు నిన్ను చూసి, "గోధుమ పూర్తిగా మాన్పించండి. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి. వరి, జొన్న, మొక్కజొన్న ఏదైనా పెట్టండి" అన్నాడు. ఆనాడు బస్సులో మీ బాపు నాతో ఒక్కటే మాట అన్నారు.

"నీ సదువు పిల్లగాన్ని తినేటట్టున్నది."

ఆ మాట అవ్వ కూడా విన్నది. కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నది.

గోధుమ మానినాక ఆరు నెలలకు నీవు నడిచినావు, తరువాత ఉరికినావు. ఆ సంబరంలో మీ బాపు, "సముద్రం చూసొద్దాం నడువుండ్రి" అన్నారు. మా ముగ్గురిలో ఎవరమూ సముద్రం చూడలేదు. పది రోజుల ప్రయాణం. దారిలో నీకు ఎక్కడ ఏం పెట్టాలన్నదే పెద్ద ఫికరు. అవ్వ తన మూట తాను కట్టుకున్నది. రెండు శేర్ల జొన్నపిండి, బియ్యప్పిండి సర్వప్పలు, కుంపటి, అన్నిటికీ పైన ఇనుప పెనం. నార్కట్‌పల్లి అడ్డా మీద బెజవాడ బస్సు ఎక్కేటప్పుడు కండక్టరు ఆ పెనం చూసి నవ్వినాడు.

"ఏందవ్వా, వాల్తేరుల ఇనుము దొర్కదా?"

"దొర్కుతది బిడ్డా. గని దాని మీద గోధుమ రొట్టె కాలిందో, జొన్న రొట్టె కాలిందో నువ్వు చెప్తవా?"

అది నేను చదివిన పుస్తకంలో లేదు. పెనానికి కూడా గోధుమ అంటుకొని ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పినారో! డాక్టరు గోధుమ వద్దన్నాడు, అంతే. ఆమె ఆ మాటను మడి కట్టుకున్నంత నిష్ఠగా పట్టుకున్నది.

రైలు దారిలో, కొండ మీద దేవుడున్నాడంటే అవ్వ కోసం తెల్లవారి దిగినాము. నిన్ను బాపు భుజం మీద ఎక్కించుకొని మెట్లెక్కినారు. ఆకులో కట్టి వేడివేడి ప్రసాదం ఇచ్చినారు. నెయ్యి వాసనకు నీవు రెండు చేతులూ చాపినావు. అవ్వ పూజారిని అడిగింది.

"అయ్యా, గిది దేనితోని చేసిన్రు?"

"గోధుమ నూకండీ, బెల్లం, నెయ్యీను."

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకున్నది. ఆకుపొట్లం నీ కండ్లకద్ది, నీ నెత్తి మీద ఒక క్షణం ఉంచి, తన మూటలో పెట్టుకున్నది. "కండ్లకద్దితె సాలు. దేవునికి మన పిల్లగాని సంగతి తెల్వదా?" అన్నది. నీవు మెట్లు దిగేదాకా ఏడ్చినావు.

వాల్తేరులో సముద్రానికి దగ్గర ఒక సత్రంలో దిగినాము. మొదటిసారి ఆ నీళ్ల ముందు నిలబడి అవ్వ ఈ చివర నుంచి ఆ చివరకు తల తిప్పి చూసింది. తరువాత నన్ను గిచ్చి, "నిర్మలా, గింత పెద్ద చెరువుకు తూము యాడున్నదే?" అన్నది. దోసిట్లో తీసుకొని నాలుక మీద వేసుకొని ఉమ్మేసింది. "ఇగ ఎందుకు పనికొస్తది! ఒక్క మడి పారది." మీ బాపు నవ్వి నవ్వి ఇసుకలో కూలబడినారు. ఆయన అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

పొద్దున సత్రం వాకిట్లో అవ్వ రొట్టెలు తడుతుంటే పక్క గది ఆమె తొంగి చూసింది. "ఏంటండీ, పొద్దున్నే చప్పట్లు కొడుతున్నారు?"

"దా బిడ్డా, నువ్వూ కొడుదువు."

"పిల్లాడికి ఆ గట్టి రొట్టె ఏం అరుగుతుందండీ? కాస్త బ్రెడ్డు పెట్టండి."

అవ్వ నా దిక్కు చూసి కొంటెగా, "మా కోడలు గట్లనే పెట్టింది. పెద్ద సదువు సదివింది గద" అన్నది. నాకు చురుక్కుమన్నది కానీ, ఆమె నవ్వులో విషం లేదు. ఆ వేడి రొట్టెను పట్టుకొని మనం ఇసుకలోకి పోయేవాళ్లం. అవ్వ ముక్క తుంచి "నోరు తెర్వు" అనేది. అల వచ్చినప్పుడల్లా నీవు నోరు తెరిచేవాడివి, అలను మింగుతున్నానన్నట్టు. ఆ రెండు రోజులు ఇప్పటికీ నా కండ్ల ముందు ఎండలో ఆరేసినట్టున్నాయి.

మూడవ రోజు పొద్దున బాపు, అవ్వ ఓడలు చూడటానికి పోయినారు. నేను నీతో గదిలో ఉన్నాను. నీవు వాసన పట్టి అవ్వ మూట విప్పి ఆకుపొట్లం బయటికి తీసినావు. "పెత్తు, అమ్మా, పెత్తు" అన్నావు.

రఘూ, ఈ పదిహేనేండ్లలో ఎవరికీ చెప్పనిది చెప్తున్నాను. నీకు ఆ ప్రసాదం పెట్టింది అవ్వ కాదు. నేను.

ఎందుకు పెట్టినాను? ఎన్నోసార్లు నన్ను నేను అడుగుకున్నాను. దేవుని ప్రసాదం కీడు చేస్తుందా అని ఒక మనసు. దేవుడున్నాడో లేడో తేల్చుకోలేని దాన్ని, ఆ నిమిషం దేవుని చాటుకు పోయినాను. ఇంకొక మనసు ఉన్నది, అది రాయడానికి సిగ్గుగా ఉన్నది. డాక్టరు తప్పయితే, నేను పెట్టిన డబల్ రొట్టె తప్పు కాదు గదా అని ఆశ. నా చదువు నిన్ను తినలేదని తేలుతుంది గదా అని. నీ కడుపు మీద నేను నా పరువు పరీక్ష పెట్టినాను.

పెట్టింది రేగిపండంత. ఒక్క రేగిపండంత. మిగిలినదంతా కనబడకుండా నేనే తినేసినాను. ఆకు దాచడం మాత్రం మరిచినాను.

సాయంత్రానికి వాంతులు. తెల్లారి నుంచి నీళ్ల విరేచనాలు, మళ్లీ ఆ కడుపు, మళ్లీ ఆ గుంటకండ్లు. మీ బాపు గది మూలలో ఖాళీ ఆకు చూసినారు. నా దిక్కు చూడనే లేదు, తెలుసునా? చదువుకున్నది ప్రసాదం పెడుతుందని ఎవరనుకుంటారు? తల్లి మీద అరిచినారు.

"అవ్వా! ఆకంత పెట్టినవా?"

అవ్వ ఆకును చూసింది. నన్ను చూసింది. నేను తల వంచి నీ మూతి తుడుస్తూ కూర్చున్నాను.

"పెట్టిన బిడ్డా. ఏడ్సిండని పెట్టిన."

పది రోజులకని పోయినవాళ్లం అయిదవ రోజు తిరుగు రైలు ఎక్కినాము. నీవు మళ్లీ లేచి తిరగడానికి రెండు నెలలు పట్టింది. ఏడాది దాకా నీకు అవ్వ చేత్తో ముద్ద పెట్టొద్దని బాపు కట్టడి చేసినారు. ఆమె రొట్టె కాల్చి పళ్లెంలో వేసి దూరంగా కూర్చునేది. నీవు ఆమె వైపు నోరు తెరిచేవాడివి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇదంతా చూస్తూ నేను వడ్డించినాను. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకున్నాను. తరువాత అది ఇంట్లో నవ్వులాట అయింది. ఎవరికి కడుపు నొచ్చినా "అవ్వ ప్రసాదమా?" అని. అవ్వా నవ్వేది.

మొన్న నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించినాను. ప్రసాదం మాటకు ఎప్పటిలాగే నవ్వింది. పూరీల మాటకు నవ్వు ఆగిపోయింది. ఈ పొద్దున జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండా అన్నది:

"ఆనాడు బస్సుల నా కొడుకన్న మాట మల్ల నీకు తాకొద్దని గా తప్పు నా మీదేసుకున్న. గిప్పుడు గది పిల్లగాని కడుపు మీదికొచ్చె. ఇగ రాయి."

ఆమెకు తెలుసు. పదిహేనేండ్లుగా తెలుసు. ఇద్దరం ఒకే పొయ్యి ముందు కూర్చొని ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నేను ఆమె కాళ్ల మీద చెయ్యి వేసినాను. "లే, సాటకు అడ్డమొస్తున్నవ్" అన్నది.

అందుకని రాస్తున్నాను, నాయనా. నీ వాదమంతా ఆకెడు ప్రసాదం మీద నిలబడింది. ఆ ఆకు అబద్ధం. రేగిపండంత గోధుమకు నీవు రెండు నెలలు మంచం పట్టినావు. పెద్దయితే పోతుందని కొందరంటారట. నాకు తెలియదు. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. కానీ ఎంత పెట్టినానో నాకు తెలుసు, ఎందుకంటే అది ఈ చేతి వేళ్లతో పెట్టినాను. చపాతీలు, పూరీలు ఇవాళే మానేసి, అక్కడి దవాఖానకు పోయి డాక్టరుకు ఈ ఉత్తరం చూపించు. నా సిగ్గు గురించి ఆలోచించకు, చదివి వినిపించు.

మన గురవయ్య వచ్చే శుక్రవారం బెజవాడ మీదుగా అటు వస్తున్నాడు. జొన్నపిండి పంపుతున్నాను. అవ్వ తన పెనం కూడా ఇస్తానంటున్నది, ఆ రోజు నార్కట్‌పల్లిలో బస్సెక్కిన పెనమే. మెస్సు వంటవానికి చెప్పి వేరుగా పెట్టించుకో. దాని మీద ఇంతవరకు గోధుమ కాలలేదు.

నీకు తెలుసు గదా, నా ఉత్తరాలు ఎప్పుడూ బాపు చదివి, కింద తన రెండు ముక్కలు రాసి కవరు అంటిస్తారు. ఇది నేనే అంటించి డబ్బాలో వేద్దామని రెండు మార్లు చెప్పులు తొడుక్కున్నాను. మళ్లీ విడిచినాను. ఎప్పటిలాగే కింద మూడు వేళ్ల జాగా విడిచి, ఆయన కుర్చీ మీద పెట్టి పోతున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరి, ఆలస్యంగా నిజం చెప్పిన
అమ్మ.

చి. రఘుకు బాపు దీవెనలు. పైదంతా చదివినాను. అవ్వ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె రొట్టె ముక్క తుంచి, "నోరు తెర్వు" అన్నది. తెరిచినాను.
పూరీలు మానుకో.