పేర్ల పట్టికలో ఎన్ అక్షరం

మత్రా,
18 నవంబరు 1977, శుక్రవారం.

ఆదెమ్మకు,

ప్రభువు దయ వల్ల ఇక్కడ లీలాకుమారి, మనవరాలు, నేను కులాసా. అల్లుడు తను పనిచేసే బురైమి నుంచి మొన్న వచ్చి వెళ్ళాడు, అతనూ కులాసా. అక్కడ నువ్వు బాగున్నావని తలుస్తాను. నీ ఇంట్లో ఉన్న రెండో మనిషి బాగోగులు నాకు అక్కర్లేదని కిందటి మూడు ఉత్తరాల్లోనూ రాశాను. ఈసారి ఆ వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తర్వాత చెబుతాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

కంటి మందు వేసుకుంటున్నాను. భూతద్దం పెట్టుకుంటే సన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయి. గోంగూర పచ్చడి అందింది కాని సీసా మూత వదులై నూనె సగం తెచ్చినవాడి చొక్కాలే తాగేశాయి. ప్రార్థన సంగతి అడిగావు. ఇక్కడ ఆదివారం అందరికీ డ్యూటీ, అందుకని మన ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. పాస్టరు అయిదు నిమిషాల వాక్యాన్ని గంటన్నర సాగదీస్తాడు. ఆ మాట అతనితోనే అన్నాను. అప్పటినుంచి నా వైపు చూడకుండా ప్రసంగిస్తున్నాడు. రేవు పక్కన ఇంత మంచి వంజరం దొరుకుతుంటే మనవరాలు చేప ముట్టదు. ఎవరి పోలికో నాకు తెలియదు.

ఇక నీ నాలుగో ప్రశ్న. "తమ్ముడు రోజుకు పదిసార్లు 'బావ ఎప్పుడొస్తాడక్కా' అంటున్నాడండీ. ఎన్నాళ్ళో చెప్పలేనని డాక్టరు అనేశాడు. ఒక్క ముక్క రాయండి" అని రాశావు. పక్షవాతం వచ్చిన మనోహరాన్ని నువ్వు మన ఇంటికి తెచ్చిన రోజునే నేను పెట్టె సర్దుకున్నాను. వాడూ నేనూ ఒక కప్పు కింద ఉండలేమని చెప్పి కూతురి దగ్గరకు సముద్రం దాటి ఈ అరబ్బు దేశం వచ్చాను. కారణం నీకు తెలుసు. అయినా మళ్ళీ రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు ఆ కారణమే నాకు సరిగా అర్థం కావడం లేదు.

నాలుగేళ్ళు నరసాపురం కాలవల్లో మోకాటి లోతు బురదలో దిగి నత్తలు ఏరాను. కాలేజీలో లెక్చరర్లకు సీసాలూ పళ్ళేలూ అందించే డిమాన్‌స్ట్రేటర్ని. ఏ నత్త ఏ నెలలో గుడ్లు పెడుతుందో వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. నాకు తెలుసు. ఏడు నోటుపుస్తకాలు నింపి నీ తమ్ముడి చేతికిచ్చాను. వాడు వాల్తేరులో చదువుతున్నాడు, ఇంగ్లీషు బాగా రాస్తాడు. 1951లో వ్యాసం జంతుశాస్త్ర పత్రికలో అచ్చయిందని తెలిసి వాడికి చెప్పకుండా రైలెక్కి వాల్తేరు వెళ్ళాను. లైబ్రరీలో ఆ ఏటి సంపుటం తెప్పించి, వెనక ఉన్న పేర్ల పట్టికలో ఎన్ అక్షరం కింద వెతికాను. నేతల గురవయ్య లేడు. నా పేరు లేదని తేలాక ఇంకెవరి పేరుందో చూడవలసిన పని ఏముంది? మూసేసి వచ్చాను.

ఆ వారమే మనోహరం పత్రిక ప్రతి పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. "బావా, విప్పి చూడు, ఒక్కసారి చూడు" అన్నాడు. విప్పకుండానే కాలవలోకి విసిరేశాను. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. రాత్రి అన్నం పెడుతూ, "మీ పేరు ఉందంటండీ" అన్నావు. "మీ పుట్టింటివాళ్ళకు అబద్ధం కొత్తా?" అన్నాను. ఇరవై ఆరేళ్ళు ఆ మాట మీదే బతికాను.

ఇప్పుడు ఇక్కడి సంగతి. లీల పనిచేసే ఆసుపత్రిలో ఒక దొర డాక్టరు నత్తల వల్ల వచ్చే జబ్బు గురించి ఆరా తీస్తున్నాడు. ఆ పత్రిక పాత సంపుటాలు ముప్ఫయి దాకా తెప్పించి, రోగుల కాగితాలు దాచే గదిలో ఒక బీరువాలో పెట్టాడు. "ఇంట్లో కూర్చుని గోడల్ని తిట్టే బదులు అక్కడికొచ్చి పుస్తకాల్ని తిట్టుకో నాన్నా" అని లీల నన్ను తీసుకెళ్ళింది. మూడు వారాలు రోజూ వెళ్ళాను. మన కాలేజీలో నన్ను "ఏయ్, సీసా!" అని పిలిచిన ఆ పెద్ద ప్రొఫెసరు వ్యాసాలు మూడు దొరికాయి. ఒక పోస్టుకార్డు మీద పట్టే విషయానికి పంతొమ్మిది పేజీలు. ఒక చోట మగ నత్త అన్నాడు. ఆ జాతిలో మగా ఆడా ఒకే నత్తలో ఉంటాయని కాలవలో బట్టలుతికే ఆవిడకు కూడా నేను చెప్పాను. అంచు మీద పెన్సిలుతో తప్పు దిద్దాను. చచ్చిపోయినవాడి మీద గెలిచినా గెలుపే.

1951 సంపుటాన్ని మాత్రం ముట్టుకోలేదు. మంగళవారం ముట్టుకున్నాను. పేర్ల పట్టిక తీశాను. ఎన్ కింద మళ్ళీ నేను లేను. చెబితే సిగ్గు, ఆదెమ్మా, నాకు కడుపు చల్లబడినంత హాయిగా అనిపించింది.

కాగితాలు చూసే హమీదా హైదరాబాదు పిల్ల. నా మొహం చూసి, "ఏం దొర్కింది తాతా, గంత కుష్ అయితున్నరు?" అంది.

"నా పేరు లేదమ్మా."

"లేకుంటే కుష్ అయితరా ఎవరన్న? ఏడ ఎతికిన్రు?"

"ఎన్. నేతల."

ఆ పిల్ల పకపకా నవ్వింది. "అయ్యో తాతా! మీ బిడ్డ ఫైలు కోసం నేను గూడ మొదట్ల ఎన్‌లనే ఎతికి పరేషానైన. ఈడ మీ ఇంటిపేరు ఎవ్వలకెర్క? పాస్‌పోర్టుల ఆఖర్న తండ్రి పేరున్నదని ఆమె ఈడ సిస్టర్ గురవయ్య. జీ అక్షరంల చూడుండ్రి."

నిజమే. ఆ ఆసుపత్రి వరండాలో ఎవరో "గురవయ్యా!" అని కేకేస్తే, నన్ను ఏకవచనంలో పిలిచే మొనగాడెవడని నేను తిరిగేలోగా లీల పరుగెత్తుతూ ఉంటుంది. ఎనిమిది నెలలుగా రోజూ వింటున్నాను. వాల్తేరు పట్టిక గుర్తు రాలేదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ళ పద్ధతి ఆ పత్రిక వేసినవాళ్ళకు తెలియదు, చివరి పేరు పట్టుకుని అచ్చేశారు. ఇంత చదివినవాణ్ణి, నాకు తట్టలేదు.

జీ కింద ఉన్నాను. గురవయ్య, ఎన్. పేజీ తీస్తే రెండు పేర్లు, మొదటిది నాది.

మొదట కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తప్పులు వెతకడం మొదలుపెట్టాను. బొమ్మలో, కుడివైపు ఉండాల్సిన నత్త మూతి ఎడమవైపు తిరిగి ఉంది. మనోహరం అజాగ్రత్తే అనుకుంటే, బొమ్మ గీసింది మొదటి రచయిత అని కింద ఉంది. చివరి పేజీలో వాడు రాసిన ముక్క ఇది: "ఇందులోని సేకరణ, పరిశీలన పూర్తిగా మొదటి రచయితవి. రెండో రచయిత వాటిని వాక్యాల్లో పేర్చాడు, అంతే." మూడుసార్లు చదివాను. కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని భూతద్దం తుడిచి మళ్ళీ చదివాను.

"ఉన్నదా తాతా?" అంది హమీదా.

"ఉంది."

"మరి గట్ల గూసున్నరేంది?"

"లేదనుకుని ఒక పని చేశానమ్మా" అన్నాను. ఏం పనో ఆమెకు చెప్పలేదు. నీకు చెప్పాలి.

1953లో మిషన్ వాళ్ళు మనోహరాన్ని సీమకు పంపి పెద్ద చదువు చెప్పించాలనుకున్నారు. ఓడ టిక్కెట్టు దాకా వచ్చింది. అప్పుడు వాళ్ళకు సంతకం లేని ఉత్తరం ఒకటి చేరింది. ఇతరుల కష్టం తన పేర వేసుకునే మనిషి వీడు అని అందులో ఉంది. ప్రయాణం ఆగిపోయింది. వాడు హైస్కూల్లో సైన్సు మేస్టరుగా మిగిలిపోయాడు, పెళ్ళి కూడా వద్దన్నాడు. ఆ ఉత్తరం రాసిన చెయ్యి పడిపోవాలని నువ్వు కుటుంబ ప్రార్థనలో ఏళ్ళ తరబడి ఏడ్చావు. నేను నీ పక్కనే మోకరించి ఆమెన్ అన్నాను.

రాసింది నేనే ఆదెమ్మా. దస్తూరీ తెలియకూడదని ఎడమచేత్తో రాశాను. పడిపోయింది వాడి చెయ్యి.

ఇది ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. పేరు ఉన్నందుకు సంతోషించబోతే ఆ ఉత్తరం గుర్తొస్తుంది. క్షమించమని అడుగుదామంటే, వాణ్ణి క్షమించకూడదని తప్ప వేరే ఆలోచన ఇన్నేళ్ళలో చేసినవాణ్ణి కాను, మాటలు ఎక్కడినుంచి తేవాలి? నాలుగు రోజులుగా లీల అన్నం పెడితే తింటున్నాను, లేపితే లేస్తున్నాను.

వచ్చే నెల రెండో తారీకున బొంబాయి విమానానికి నాకు సీటు దొరికింది. ఈ ఉత్తరం నాకంటే ముందే చేరుతుంది. దీన్ని మనోహరానికి చదివి వినిపించు. ఎడమచేతి సంగతి దగ్గర గొంతు తగ్గించకు, ఒక్క ముక్కా దాటెయ్యకు. విన్నాక వాడు రావద్దంటే గుమ్మం బయట కూర్చుంటాను. నువ్వు రావద్దన్నా అంతే.

హమీదా దగ్గర తెల్లకాగితాలు అడిగి తీసుకుని ఆ వ్యాసం పదకొండు పేజీలూ నకలు రాశాను, కుడిచేత్తో. బొమ్మలో మూతి కుడివైపుకు దిద్దాను. వాడు కాగితం పట్టుకోలేడని రాశావు కదా. నేనే విప్పి చదువుతాను.

ఇట్లు,
మనోహరం బావ.